మిద్దె మీద చౌడు

మదనపల్లె దాటి హార్సిలీ హిల్స్ ఎక్కేవాళ్ళలో చాలామందికి ఆ కొండ పాత పేరు తెలీదు. ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల అక్కడ ఉండేదని, జబ్బుపడ్డ జనానికి ఆకుపసర్లు ఇచ్చేదని కథ. పంతొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్సిలీ, 4,000 అడుగులకు పైగా ఎత్తున్న ఈ కొండ మీద వేసవి విడిది కట్టుకున్నాడు. అక్కడే ఉన్న మనిషి పేరు వెనక్కిపోయి, ఎండాకాలం వచ్చిపోయిన మనిషి పేరు నిలిచింది.

ఆ కొండ కింద ఊళ్ళో మా అవ్వ మట్టిమిద్దె ఉంది. దాన్ని నేనూ సెలవులిల్లు చేసుకోవాలనుకున్నాను. ప్లాను పర్యావరణానికి అనుకూలంగానే గీశాను. సిమెంటు వద్దు, కరక్కాయ, బెల్లం నీళ్ళతో కలిపిన గానుగ సున్నమే. సున్నం మట్టిగోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు లోపలే పట్టి ఉంచి గోడను గుల్ల చేస్తుంది. పాత దూలాలు అలాగే ఉంటాయి, ఏసీ ఉండదు. ఇవన్నీ సరైనవేనని ఇప్పటికీ అంటాను.

కాకపోతే, ఆ మిద్దెలో ఇరవై ఏళ్ళుగా ఒకామె ఉంటోంది. వరసకి పిన్నమ్మ. బాడుగ లేదు, కాయితం లేదు. నా స్కెచ్‌లో ఆమె గది ‘గెస్ట్ రూమ్’ అయింది.

ఖాళీ చెయ్యమని చెప్పడానికి వెళ్ళిన రోజు ఆమె మిద్దె మీద చౌడు మన్ను పరుస్తోంది. తడిస్తే చౌడు బిగుసుకుని నీళ్ళు దిగనివ్వదు. వానలకు ముందు ఏటా పరవాల్సిందే. నా సున్నం సంగతి విని, ‘‘మంచిదే నాయనా. మనిషి లేని ఇంటికి ఏం పూస్తే ఏం? చెదలు పడతాది’’ అంది.

మాలీ దేశంలో జెన్నె ఊరివాళ్ళు తమ మట్టిమసీదుకి ఏటా అందరూ కలిసి మన్ను మెత్తుతారు. అది నిలబడింది మట్టి గొప్పదనం వల్ల మాత్రమే కాదు, ఏడాదికోసారి తిరిగొచ్చే ఆ చేతుల వల్ల. మనం సస్టైనబుల్ అనే మాటను సరుకుకి తగిలిస్తాం. ఏడాదిలో పదకొండు నెలలు తాళం వేసి ఉండే ఇల్లు ఏ సున్నంతో కడితే మాత్రం పొదుపెలా అవుతుంది?

అట్లని ఆమె చౌడు ఒక్కటే చాలదు. దూలాలు పుచ్చుతున్నాయి, వాటిని మార్చే డబ్బు నా దగ్గరుంది. ఇల్లు నిలవాలంటే ఇద్దరమూ కావాలి. అందుకే ఆ గది ఆమెకే ఉంచాను. గెస్ట్‌ని నేనే.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచివాణ్ణి. కానీ నా మంచితనం మీద ఆమె ఉండటమూ, తన హక్కు మీద ఉండటమూ ఒకటి కాదు. రేపు నా మనసు మారితే? నా తర్వాత నా పిల్లలు అమ్మేస్తే? ఆమె బతికినంతకాలం ఆ ఇంట్లో ఉండేలా కాయితం రాయాలి. సున్నానికి అడ్వాన్సు ఇచ్చి రెండు నెలలైంది. కాయితం ఇంకా రాయలేదు.