ఎవరినీ వదలొద్దంటే, ఎవరు ఉండిపోవాలి?

2025 దసరా సెలవుల్లో మా అప్ప కూతురు ఒక సినిమా చూసి అలిగింది. మా విజయనగరం వైపు అక్కని అప్ప అంటాం. సినిమా పేరు లిలో అండ్ స్టిచ్. అది మే నెలలో విడుదలయింది. ఇంట్లో ముగ్గురం కూర్చుని చూశాం. ఆఖర్న నానీ అనే పెద్దమ్మాయి చిన్న చెల్లెల్ని పక్కింటి ముసలమ్మకి అప్పజెప్పి సముద్రజీవశాస్త్రం చదువుకోడానికి ఊరు దాటి వెళ్లిపోతుంది. "చెల్లెల్ని వదిలేసి ఎలా వెళ్లిపోతుంది పిన్నీ? పాత దాంట్లో ఇలా లేదు కదా!" అని పదకొండేళ్ల పిల్ల ముఖం ముడుచుకుంది. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అప్ప తలెత్తకుండానే, "పోనీయండే. సదువుకోనీయండి ఆ గుంటని" అంది.

ఆ మాటకి నాకు నోట మాట రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

2004 డిసెంబరులో డిస్నీ చానెల్ మన దేశంలో మొదలైంది. హిందీ, తమిళంతో పాటు తెలుగు మాటలతో కూడా వచ్చేది. మా ఊరు చీపురుపల్లికి దగ్గర. మా అమ్మా అయ్యా హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకి వాచ్‌మన్ పనికి వెళ్లారు. మమ్మల్ని మామ్మ దగ్గర ఉంచారు. వాళ్లు వెళ్లిన రెండో ఏడు మామ్మ చనిపోయింది. మా ఇంట్లో టీవీ లేదు. పక్కింటి అరుగు మీద నుంచి కిటికీలోంచి చూసేవాళ్లం. అక్కడ నేను చూసిన నీలం రంగు జంతువే స్టిచ్. నాలుగు చేతులు, రెండు పెద్ద చెవులు, అన్నీ విరగ్గొట్టే బుద్ధి. ఎక్కడో ఇంకో గ్రహం మీద ఒక శాస్త్రజ్ఞుడు విధ్వంసం కోసమే తయారుచేసిన ప్రాణి. నంబరు 626. పారిపోయి వచ్చి హవాయి ద్వీపాల్లో కవాయి అనే చోట పడుతుంది. చుట్టూ సముద్రం. దానికి ఈత రాదు, నీళ్లలో పడితే రాయిలా మునిగిపోతుంది. అంటే ఎటూ పోలేక చిక్కుపడిపోయింది.

నాకప్పుడు పదేళ్లు. స్టిచ్ నాకు బాగా అర్థమయ్యేవాడు. దాన్ని కుక్క అనుకుని ఇంటికి తెచ్చుకున్న లిలో ఇంకా బాగా అర్థమయ్యేది. అమ్మానాన్నా లేరు, బడిలో ఎవరూ కలుపుకోరు, కోపమొస్తే కొరుకుతుంది. వాళ్ల ఇంట్లో ఇంకో ఇద్దరు గ్రహాంతరవాసులు కూడా ఉండేవారు. స్టిచ్‌ని తయారుచేసిన జుంబా, భూమి గురించి అన్నీ తెలుసనుకునే ప్లీక్లీ. ప్లీక్లీ ఆడవాళ్ల బట్టలు వేసుకుని ముచ్చటపడేవాడు. భూమిని నాశనం చెయ్యకూడదనడానికి ఆ గ్రహాంతర సభకి ఉన్న కారణం, దోమలు అంతరించిపోయే జాతి అనీ, వాటికి ఆహారం మనుషులనీ. మలేరియాతో వణికిన మా ఊళ్లకి ఇంతకన్నా మంచి జోకు ఎవరు చెప్పగలరు?

అప్పట్లో నాకు అస్సలు కనిపించని మనిషి నానీ. పంతొమ్మిదేళ్ల పిల్ల. అమ్మానాన్నా కారు ప్రమాదంలో పోతే చెల్లెలి బాధ్యత నెత్తిన పడింది. హోటల్లో వడ్డించే ఉద్యోగం, అదీ ఊడిపోతుంది. పిల్లని సరిగా చూసుకోకపోతే తీసుకుపోతామని ప్రభుత్వ అధికారి గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఆ బొమ్మల్లో నానీ ఎప్పుడూ అరుస్తూనో పరిగెడుతూనో ఉంటుంది. మాకు ఆమె ఆటకి అడ్డమొచ్చే మనిషి, అంతే. కిటికీ దగ్గర నుంచి నన్ను రెక్క పట్టుకుని లాక్కెళ్లే మా అప్ప కూడా అలాగే కనిపించేది.

అప్పకప్పుడు పద్దెనిమిదేళ్లు. ఇంటర్ పాసయింది. కంట్రోలు బియ్యం తేవడం, జాకెట్లు కుట్టడం, నాకూ తమ్ముడికీ తలంట్లు, జ్వరాలు, హైదరాబాదు నుంచి వచ్చే డబ్బుకి లెక్కలు, అన్నీ తనే. ఆ ఏడు విశాఖపట్నంలో నర్సింగ్ ట్రైనింగుకి సీటొచ్చింది. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చుని, "నన్నొదిలీసి ఎల్లిపోతావా?" అని రెండు రోజులు అన్నం తినకుండా ఏడ్చాను. అప్ప వెళ్లలేదు. ఆ తర్వాత ఏడాది నేను కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో ఆరో తరగతిలో చేరాను. హాస్టల్లో ఉండి చదువుకున్నాను. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే. ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. అప్ప ఇప్పటికీ జాకెట్లు కుడుతోంది.

ఈ నేపథ్యంలో 2002 నాటి పాత సినిమాని మళ్లీ చూశాను. కుటుంబమంటే ఎవరినీ వెనక వదిలెయ్యకపోవడం, ఎవరినీ మర్చిపోకపోవడం అన్నది ఆ సినిమాకి ప్రాణం. హవాయి భాషలో కుటుంబాన్ని ఒహానా అంటారు. ప్రపంచమంతా పిల్లలు ఆ మాట నేర్చుకున్నారు. వినడానికి చాలా మంచి నీతి. అయితే ఈ నీతిలో కర్త లేదు. ఎవరినీ వదలకూడదు, సరే. వదలకుండా పట్టుకుని ఉండాల్సింది ఎవరు? వాళ్లని పట్టుకునేది ఎవరు?

ఒక చిన్న విషయం చూడండి. ఆఖర్న స్టిచ్‌ని తీసుకుపోడానికి అంతరిక్ష నౌక వస్తుంది. లిలో ఒక కాగితం చూపిస్తుంది. జంతువుల షెల్టరులో రెండు డాలర్లు కట్టి దీన్ని కొనుక్కున్నాను, తీసుకుపోతే అది దొంగతనం అంటుంది. చట్టానికి తలవంచే సభాధ్యక్షురాలు ఒప్పుకుంటుంది. స్టిచ్ ప్రవాసశిక్ష ఆ కుటుంబంలోనే గడపాలని తీర్పు చెప్తుంది. చిన్నప్పుడు చప్పట్లు కొట్టిన సన్నివేశం ఇది. ఇప్పుడు చూస్తే ఆ రెండు డాలర్లు లిలోవి కావు, నానీ దగ్గర అప్పడిగి కట్టినవి. దిక్కులేని ప్రాణికి భూమ్మీద చోటు దొరికింది ఆ డబ్బుతోనే. కాగితం మీద మాత్రం నానీ ఊసు లేదు. సంరక్షణకి ఎప్పుడూ రశీదు ఉండదు.

మన ఉత్తరాంధ్రకి ఈ కథ కొత్తేం కాదు. ఇంగ్లిషులో ఏలియన్ అనే మాటకి గ్రహాంతరవాసి అనే అర్థం తర్వాత వచ్చింది. చట్టం భాషలో ముందునుంచీ దాని అర్థం పరదేశి. మా ప్రాంతం నుంచి ఎన్ని తరాలు అలా పరదేశులయ్యారు! రంగూన్ వెళ్లినవాళ్లు 1942లో జపాన్ సైన్యం వచ్చాక అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. 2018 నవంబరులో గుజరాత్ వెరావల్ నుంచి బోట్ల మీద వేటకి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. ఏడాది దాటి కరాచీ జైల్లో ఉన్నాక, 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద కాలు పెట్టారు. ఆ ఉదంతం ఆధారంగా 2025లో తండేల్ సినిమా వచ్చింది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల వేలమంది వెరావల్‌లో చిక్కుకుపోయి బస్సుల్లో ఇళ్లకి చేరారు.

సముద్రానికి అవతల చిక్కుపడిన మగవాళ్ల గురించి మనకి తెలుస్తుంది. ఒడ్డున చిక్కుపడిన వాళ్లని ఏమనాలి? కబురు కోసం ఎదురుచూస్తూ అప్పులు తీర్చుకుంటూ, పిల్లల్ని బడికి పంపుతూ, కలెక్టరు ఆఫీసుకి అర్జీలు పట్టుకుని తిరిగిన ఆడవాళ్లు? వాళ్ల ఇంట్లో అమ్మకి చేదోడుగా చదువు మానేసిన పెద్దపిల్లలు? వలస గురించి మాట్లాడుకున్నప్పుడు మనం వెళ్లినవాళ్లని లెక్కపెడతాం. ప్రతి వెళ్లడం వెనకా ఒక ఉండిపోవడం ఉంటుంది. ఆ ఉండిపోయే మనిషి చాలాసార్లు ఇంటి పెద్దాడపిల్ల.

సంరక్షణని నీతిశాస్త్రంలోకి తెచ్చిన ఘనత స్త్రీవాదులదే. 1982లో కరోల్ గిలిగన్, ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్ పుస్తకంలో, హక్కులూ న్యాయమూ అనే భాషలోనే కాక బాధ్యతలూ సంబంధాలూ అనే భాషలో కూడా నైతిక ఆలోచన ఉంటుందని చూపించింది. మనలో చాలామందికి అక్కడివరకే గుర్తు. కానీ ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. తనని తాను చెరిపేసుకుని ఇతరుల్ని చూసుకోవడం ఆ దారిలో మధ్య మజిలీయే. తను కూడా చూసుకోవలసిన మనుషుల్లో ఒకరని గుర్తించడం దాని తర్వాతి మజిలీ. 1999లో ఈవా కిట్టే లవ్స్ లేబర్‌లో ఇంకొక అడుగు ముందుకి వేసింది. పసిబిడ్డని తల్లి చూసుకోవాలంటే ఆ తల్లిని చూసుకోడానికి మరొకరు ఉండాలి. అలాగే ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లని చూసుకునే ప్రతి మనిషినీ సమాజం చూసుకోవాలి, అది న్యాయంలో భాగం అంటుంది. పురిటికి పుట్టింటికి వెళ్లే మనకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే దాన్ని మనం ఆచారం అనుకున్నాం, న్యాయం అనుకోలేదు. అదీ తల్లికే. పద్దెనిమిదేళ్లకి తల్లి అయిపోయిన అక్కకి పుట్టిల్లు ఏది?

ఇక్కడ నా ఏడుపు సంగతి తేల్చుకోవాలి. ఆ రోజు నేను తప్పు చేశానా? ఎన్నో ఏళ్లు అలాగే అనుకుని కుమిలిపోయాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. పదేళ్ల పిల్లకి తనని చూసుకునే మనిషి కావాలి. ఆ హక్కు నిజమైనదే. కానీ ఆ హక్కు అడగడానికి నాకు ఎదురుగా కనిపించిన మనిషి ఒక్క అప్పే. మా అయ్యకి జీతం చాలినంత ఇవ్వని నగరమూ, మా ఊళ్లో పని లేకుండా చేసిన వ్యవస్థా, ఆడపిల్లల హాస్టలు లేని మండలమూ గుమ్మంలో నిలబడి లేవు. బాధ్యత అందరిదీ అయినప్పుడు దగ్గరగా ఉన్న ఆడపిల్ల మెడకి చుట్టుకుంటుంది. ప్రేమ ఉంది కాబట్టి ఆమె దాన్ని విప్పుకోలేదు. పితృస్వామ్యం బలమంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. అది ప్రేమని తయారుచెయ్యదు, ఉన్న ప్రేమని వాడుకుంటుంది.

కొత్త సినిమా మీద వచ్చిన విమర్శల్ని కొట్టిపారెయ్యలేను. హవాయి ఒకప్పుడు రాజ్యం. 1893లో లిలియువోకలానీ రాణిని గద్దె దింపారు, 1898లో అమెరికా కలిపేసుకుంది. పాత సినిమాలో, చెల్లెల్ని రేపు తీసుకుపోతారన్న రాత్రి నానీ పాడేది ఆ రాణి రాసిన వీడ్కోలు పాటే. అంత పోగొట్టుకున్న జాతికి కుటుంబమే కోట. ఆ పిల్ల ద్వీపం వదిలి అమెరికాకి చదువుకి వెళ్లడం, చెల్లెలు వేరే వాళ్ల సంరక్షణలోకి పోవడం వాళ్లకి బాధగానే ఉంటుంది. ఆదివాసీ పిల్లల్ని ఊళ్లకి దూరంగా హాస్టళ్లలో పెట్టి వాళ్ల భాష మర్చిపోయేలా చేసిన చరిత్రలు తెలిసిన మనం ఆ బాధని అర్థం చేసుకోగలం. కానీ ఒక జాతి తన గౌరవాన్ని కాపాడుకోవడం కోసం ప్రతిసారీ పెద్దకూతురి చదువునే ఎందుకు తాకట్టు పెట్టాలి?

నాకున్న అభ్యంతరం వేరు. కొత్త సినిమా సరైన ప్రశ్న వేసి, జవాబు దగ్గర జారుకుంది. నానీ దించుకున్న బరువు పక్కింటి ముసలమ్మ మీద పడింది. రాకపోకలకి గ్రహాంతరవాసుల యంత్రం ఉంది కాబట్టి ఎడబాటు కూడా లేదు. మన దగ్గర అలాంటి యంత్రం లేదు. మనకి ఉన్నవి అంగన్‌వాడీలు, హాస్టళ్లు, 2004లో మొదలైన కస్తూర్బా బడులు. అవైనా మా మండలానికి ఒక ఏడాది ముందు వచ్చుంటే అప్ప నర్సయ్యేది. అక్కడ కూడా పిల్లల్ని చూసుకునేది ఆడవాళ్లే, కాంట్రాక్టు జీతాలకి. ఒక ఆడమనిషి భుజం మీంచి ఇంకో ఆడమనిషి భుజం మీదకి బరువు మారడం విముక్తి కాదు. దానికి జీతం, భద్రత, గౌరవం, మగవాళ్ల వంతు కూడా చేరాలి. అలా చేరేవరకూ ఎవరినీ వదలొద్దనే మాట వినగానే, ఎవరి ఖర్చుతో అని అడగాలి.

కార్టూన్ సీరియల్లో నాకు ఇప్పటికీ నచ్చే సంగతి ఒకటుంది. స్టిచ్ లాంటి మిగతా ప్రయోగాలన్నిటినీ ఒక్కొక్కటిగా పట్టుకుని, వాటి స్వభావానికి తగిన చోటు వెతికి పెడతారు లిలో, స్టిచ్ కలిసి. విధ్వంసానికి పుట్టిన ప్రాణికి కూడా ఈ ద్వీపంలో పనికొచ్చే చోటు ఎక్కడో ఉంటుంది. ఇంత ఓపిగ్గా వందలమంది గ్రహాంతరవాసులకి చోటు వెతికిన ఆ కథలో, నానీకి ఏ చోటు ఇష్టమని ఎవరూ అడగరు.

మొన్న ధైర్యం చేసి అప్పని అడిగాను. "నేను ఆ రోజు అలా ఏడవకపోయుంటే వెళ్లిపోయేదానివా?" అని. మిషను ఆపి కొంచెంసేపు ఆలోచించింది.

"నువ్వేడ్సినావని కాదే. నీకు ఎల్లాలనుందా అని నన్నెవులూ అడగనేదు."

పక్కనే హోంవర్కు చేసుకుంటున్న అప్ప కూతురు పెన్ను ఆపి వాళ్లమ్మ వైపు చూసింది. "ఇప్పుడు అడిగితే?" అంది. అప్ప నవ్వి మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. జవాబు ఇంకా చెప్పలేదు. మేమూ అడగడం మానలేదు.