నూలు వడకుటయు మనశ్శాంతియు

చేతిపనివలన మనుష్యునకు గలుగు ఫలము రెండు విధములు. మొదటిది వస్తువు, రెండవది ఆ వస్తువును చేయునపుడు మనస్సు పొందు స్థితి. యంత్రము మొదటిదానిని మన చేతులకంటె వేయిరెట్లు సమృద్ధిగా నీయగలదు. రెండవదానిని ఈయగలదా యనునదే ప్రశ్న. మిల్లునూలు చౌకగా దొరకుచున్నను, కొందఱు నేటికిని రాట్నము విడువకున్నారు. దానివలన వారికి గలుగు ఊరట నిజమైనదా, లేక పేదఱికమునకు మనము పెట్టిన ముద్దుపేరా? ఈ సంగతిని కొంచెము విచారింతము.

ముందుగా పని స్వరూపమును చూడుడు. ఒకచేత రాట్నము త్రిప్పుచు, రెండవచేత ఏకును కదురుమొననుండి వెనుకకు లాగవలెను. త్రిప్పుట యెక్కువైన నూలు మెలికలు పడును. లాగుట యెక్కువైన తెగును. రెండు చేతులకును పొత్తు కుదిరినపిమ్మట బుద్ధికి పెద్ద శ్రమ యుండదు. అయినను బుద్ధి పరుగెత్తిపోవుటకును వీలులేదు. దుఃఖములో నున్నవారికి కావలసిన పని యిట్టిదే. కఠినమైన పని వారికి చేతకాదు. ఏపనియు లేకుండుట వారిని తినివేయును. మఱియు తెగిన పోగునకు ముడి యక్కఱలేదు. కొనను ఏకుమీద మోపి మరల త్రిప్పినచో నారలు తమంతట పెనవేసికొని నూలు సాగును. దినమునకు ఎన్నియో మారులు తెగి, అన్ని మారులును అతుకు ఈ పనిలో, తెగుట విపత్తు కాదని చేయి నేర్చుకొనును. చేయి నేర్చినదానిని మనస్సు మెల్లగా గ్రహించును.

ఇక పొత్తు సంగతి. వడకువారి కన్ను పోగుమీద నుండును. నోరును చెవియు ఖాళీగా నుండును. ముఖాముఖిగా చెప్పుకొనలేని కష్టమును, చూపు పోగుమీద నిలిపి ప్రక్కవారితో చెప్పుకొనవచ్చును. వినువారును తల యెత్తనక్కఱలేదు. శ్రీకాకుళము జిల్లా పొందూరున స్త్రీలు వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులను చేసి సన్నని నూలు వడకుదురు. 100 నంబరు నూలనగా ఒక పౌను దూదినుండి 84,000 గజముల పోగు సాగవలెను. ఇట్టి నేర్పు పుస్తకములవలన రాదు. తెలిసినవారి ప్రక్కను ఏండ్లతరబడి కూర్చుండుటచే వచ్చును. కనుక అచ్చట విద్యయు స్నేహమును ఒకే పీటమీద కూర్చున్నవి.

అయితే ఇచ్చట మనము జాగ్రత్తపడవలెను. ఊరట దొరకుచున్నది గదా యని కూలి తగ్గించుట ధర్మమా? 1921లో బెజవాడ కాంగ్రెసు సభ దేశమున 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించెను. 1925లో అఖిల భారత చరఖా సంఘము వెలసెను. ఖద్దరు చౌకగా నుండవలెనని కొన్నవారు కోరిరి. ఆ చౌకతనపు భారము వడకు స్త్రీలమీద పడెను. గాంధీ మహాత్ముడు దీనిని గుర్తించి, ఖద్దరు వెల పెరిగినను సరియే, వడకువారికి జీవనమునకు చాలు కూలి యీయవలెనని పట్టుపట్టగా, 1935లో ఆ సంఘము కనీసపు కూలి నియమమును అంగీకరించెను. సాయంకాలము అరగంట వడకి శాంతి పొందు గృహస్థుడును, దినమంతయు వడకి బియ్యము కొను స్త్రీయు ఒకే రాట్నము త్రిప్పుచున్నను, వారి స్థితి యొకటి కాదు. మొదటివాని శాంతిని చూపి రెండవయామె కూలిని త్రుంచుట అన్యాయము. పడుచువారు రాట్నమును విడిచి పోవుచున్నారని విచారించు మనము, ఆ కూలితో మన బిడ్డలను అందు కూర్చుండబెట్టుదుమా యని మొదట ప్రశ్నించుకొనవలెను.

ఈ విచారము రాట్నము తిరుగు ఊళ్లకే చెందినది కాదు. పటాన్‌చెరు చెంతనున్న భానూరును తలచుకొందము. ఒకప్పుడు పైరుపచ్చల నడుమనున్న ఆ ప్రాంతము నేడు కర్మాగారముల సీమ. క్షిపణులను తయారుచేయు ప్రభుత్వ సంస్థయు భానూరులో కలదు. ఈ సీమకు నలుదిక్కులనుండి జనులు పనికి వచ్చి, అద్దెగదులలో కాపురముండి, వంతులవారీగా పనిచేయుదురు. పొందూరి రాట్నము ఈయజాలని జీతమును కర్మాగారము పలువురకు ఈయగలిగినది. దానిని నిందించుట కృతఘ్నత. కాని యంత్రఘోషలో మాట వినబడదు. పని వేగము పనివాని చేతిలో నుండదు. వంతు మాఱినపుడెల్ల ప్రక్కవాడును మాఱును. ఒకచోట నుండుట వేఱు, కలిసి యుండుట వేఱు.

అట్లని భానూరున ఇంటింటికి రాట్నము పంచినంతమాత్రమున ఈ లోపము తీఱదు. రాట్నమునందలి మహిమ కఱ్ఱలో లేదు. దాని వేగము వడకువారి చేతిలో నుండుటలోను, మాటకు ఎడముండుటలోను, సాయంకాలమునకు చేసిన పని కంటికి కనబడుటలోను ఉన్నది. ఈ మూడింటిని కర్మాగారపు పనివాడును కోరదగును: విశ్రాంతికి వేళయు, కూర్చుండి మాటలాడుకొనుటకు చోటును, తన పని యెందుల కుపయోగపడుచున్నదో తెలిసికొను హక్కును. ఇట్లే పొందూరి స్త్రీయు కర్మాగారపు పనివానివలె బ్రతుకునకు చాలు ప్రతిఫలమును కోరదగును. ఒకరికి శాంతియు మఱియొకరికి కూలియు అని పంచిపెట్టిన సంఘము, ఇద్దఱకును సగమే యిచ్చినది. ఆ రెండవ సగమును బాకీగా నెంచి తీర్చుటయే మన కర్తవ్యము.