పిల్లల వేసవి శిబిరము – నిర్వాహకుని ధర్మము

వేసవి సెలవులలో పిల్లలకు బొమ్మలు గీయుట, మట్టితో ప్రతిమలు చేయుట, పాట, నాటకము నేర్పు శిబిరములు నేడు చిన్న పట్టణములలో గూడ జరుగుచున్నవి. శిడ్లఘట్ట ప్రాంతపు కన్నడములో వీనిని బేసిగె శిబిరము లందురు. శిబిర మనగానే చిత్రలేఖనము నేర్పు గురువు, పాట నేర్పు గురువు అందరికిని కనబడుదురు. ఉదయమున తలుపు తీయించి, హాజరు వేసి, కుండలలో నీరు నింపించి, ఏ పిల్లవాడు ఎవరితో ఇంటికి పోయెనో చూచుకొను మనిషి మాత్రము ఎవరికిని కనబడడు. అతనిది ఉత్త ఏర్పాటు పని యని లోకుల తలంపు. కాని ధర్మమునకు సంబంధించిన చిక్కులన్నియు అతని యొద్దకే వచ్చును. వానిలో ముఖ్యమైనది ఒక్కటి: ఈ శ్రమ యంతయు ఎవరి కొరకు?

శిడ్లఘట్ట వారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. పట్టుగూళ్ల సంతకు పేరుపొందిన ఈ ఊరి చుట్టుపట్ల పల్లెలలో పట్టుపురుగులను పెంచు ఇండ్లను చూచినవారికి దినచర్య యననేమో వేరుగ చెప్పనక్కరలేదు. సుమారు 25 దినములు ఇల్లంతయు పురుగుల వేళను అనుసరించి నడచును. లేత పురుగునకు లేత ఆకు, ఎదిగిన పురుగునకు ముదురు ఆకు. పురుగు నాలుగు మారులు పొర విడుచును. దానిని రైతులు జ్వరమందురు. ఆ వేళ ఆకు వేయరు, తట్ట కదపరు. పురుగులు క్రిక్కిరిసినచో వేరు తట్టలకు మార్తురు. శిబిరము నడుపువాడు నేర్వదగిన దంతయు ఇందులో నున్నది. వయస్సును బట్టి పని యిచ్చుట, అలసినప్పుడు విశ్రాంతి నిచ్చుట, గుంపు పెద్దదైన విడదీయుట, గాలి నీరు కనిపెట్టుట – ఇంతకంటె శిబిర నిర్వహణము వేరు లేదు.

ఐనను ఆ శ్రద్ధ యంతయు దారము కొరకు. లోపలి పురుగు చిలుకయై గూటిని చీల్చుకొని వచ్చినచో దారము తెగును. కావున పురుగుతో సహా గూటిని ఆవిరికో వేడి నీటికో గురిచేసి దారము తీయుదురు. ఒక కిలో పట్టునకు ఇంచుమించు ఏడు కిలోల గూళ్లు, అనగా కొన్ని వేల ప్రాణములు, కావలెను. ఇది పెంచువానిని నిందించుటకు చెప్పినది కాదు. అతని బ్రతుకు దానిపై నున్నది. పట్టు కట్టువారు, పట్టు అమ్మువారు జైన కుటుంబములలో గూడ లేకపోలేదు. ఎంత గొప్ప శ్రద్ధ యైనను, అది ఏ ఫలము కొరకో చూడనిదే ధర్మమగునో కాదో తేలదని చెప్పుటకే ఈ మాట.

పిల్లల శిబిరమునకు గూడ ఒక దారము గలదు. అది ముగింపు నాటి వేడుక. కడపటి వారము వచ్చుసరికి చక్కగ పాడు నలుగురికే అభ్యాసము జరుగును. మాట తడబడు పిల్లవాడు నాటకములో చెట్టుగా నిలబడును. వంకర గీతను గురువే దిద్దును. ఆ బొమ్మను గోడకు తగిలించి క్రింద పిల్లవాని పేరు వ్రాయుదురు. తల్లిదండ్రులు సంతోషింతురు. తాను గీసినది చాలలేదని ఆ పిల్లవానికి మాత్రము తెలియును. అతని చేతిని ఎవరును కొట్టలేదు, కాని దెబ్బ తగిలినది.

దీనికి వ్యాపారస్థు లొక మాట అనవచ్చును. రుసుము చెల్లించిన తండ్రి ఫలము చూడగోరుట తప్పా? వేదిక లేనిదే పిల్లలకు పట్టుదల ఎట్లు వచ్చును? ఈ మాటలో న్యాయము గలదు. బెంగళూరులో 1938లో ఆర్. కల్యాణమ్మ మక్కళ కూటమును స్థాపించిరి. మద్రాసులో రేడియో అన్నయ్య, అక్కయ్య అని పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940 ప్రాంతమున తెలుగు పిల్లల కొరకు బాలానంద సంఘమును నెలకొల్పిరి. రేడియోలో పిల్లలచేత పాడించిరి, ఆడించిరి. నిమిషములు లెక్కించు రేడియోలో క్రమము లేక ఏదియు జరుగదు. కావున వేదిక దోషము కాదు. పిల్లవాని కొరకు వేదికయా, వేదిక కొరకు పిల్లవాడా యను దానియందే భేదము. పరీక్ష సులభమే. ముగింపు నాడు గాలివాన వచ్చి వేడుక నిలిచిపోయినదనుకొందము. అప్పుడు ఆ పిల్లవాని యొద్ద ఏమి మిగులును? ఏదైన మిగిలినచో ఆ శిబిరము వాని కొరకు జరిగినది. ఏమియు మిగులనిచో దారము కొరకు జరిగినది.

ఈ విచక్షణ పెద్ద మాటలలో గాక ప్రతిదినపు చిన్న పనులలో కనబడవలెను. వస్తువులను తీయుటయందును పెట్టుటయందును జాగ్రత్త వలెనని జైన ధర్మము సాధువులకు విధించినది; గృహస్థునకు గూడ అది మేలు చేయును. కొన్ని కుంచెలు ఉడుత రోమములతోను, పంది వెంట్రుకలతోను చేయుదురు. నైలాన్ కుంచెలు దొరుకుచున్నవి. ఎముకలు, తోళ్ల నుండి తీయు సరేసునకు బదులు తుమ్మ జిగురు, మైదా గంజి చాలును. చిలుక వెడలిపోయిన గూళ్లతో పువ్వులు, దండలు చేయించుట ఈ ప్రాంతమునకు తగిన పనియే. కాని గ్రుడ్ల కేంద్రములలో రోగ పరీక్షకై తల్లి చిలుకలను నలుపుదురని పెద్ద పిల్లలకు దాచక చెప్పవలెను. రంగు కడిగిన నీరు చీమల బారుపై పోయరాదు. ఎండ ముదరక ముందే పిల్లలు ఇండ్లకు చేరవలెను. ఆలస్యముగ వచ్చిన పిల్లవానిని పదిమందిలో అడుగక ప్రక్కకు పిలిచి అడుగవలెను. ఇవన్నియు చేయువాని పేరు ఆహ్వాన పత్రికలో ఉండదు. ఉండవలెనని అతడు కోరనప్పుడే పని శుద్ధముగ జరుగును.

ఇక అన్నిటికంటె కఠినమైన ప్రశ్న వాకిటి వద్దనే యున్నది. లోపలికి ఎవరి పిల్లలు వచ్చుచున్నారు? కర్ణాటకము మొదలగు రాష్ట్రముల పట్టు పరిశ్రమలో అప్పునకు కట్టుబడి పనిచేయు పిల్లలను గూర్చి హ్యూమన్ రైట్స్ వాచ్ అను సంస్థ 2003లో నివేదిక ప్రకటించెను. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించి 14 ఏండ్ల లోపు పిల్లలను ఏ పనిలోను పెట్టరాదనిరి. ఐనను అపాయము లేని ఇంటి పనిలో, బడి వేళలు గడచిన తరువాతను సెలవులలోను, కుటుంబమునకు సాయపడవచ్చునని మినహాయింపు ఉంచిరి. అనగా కొందరికి శిబిరమైన సెలవే మరికొందరికి పనికాలము. దారము తీయు తల్లి ప్రొద్దుటనే పనికి పోవును. శిబిరపు తలుపు తొమ్మిదింటికి తెరచినచో ఆమె బిడ్డ రాజాలదు. ఏడింటికి తెరచినచో రాగలదు. రుసుము మాఫీ చేసిన పేర్లు పద్దు పుస్తకము వ్రాయువానికి తప్ప తెలియరాదు. ఎవరు ఇచ్చి చేరిరో ఎవరు ఇవ్వక చేరిరో పిల్లలకు తెలిసినచో ఆ దానము దానము కాదు.

జైన వర్తక కుటుంబములు వేసవిలో చలివేంద్రములు పెట్టించుట, పాఠశాలలకు విరాళము లిచ్చుట ఎరిగినవే. ఏ శిబిరమునకైన విరాళ మడిగినప్పుడు వేదిక అలంకారమునకు ఎంత ఖర్చగునని అడుగుటకు ముందు, తలుపు ఎన్ని గంటలకు తెరతురో, వెనుకబడిన పిల్లవాని ప్రక్కన ఎవరు కూర్చుందురో అడుగుట మేలు. ఆ రెండు ప్రశ్నలకు సూటిగ సమాధానము చెప్పగల నిర్వాహకునికి ధనము ఇవ్వవచ్చును. వీలైనచో ఇంటి పెద్దలు వారమునకు ఒక ఉదయమైనను పోయి హాజరు పుస్తకము పట్టవలెను.