తొలగింపులో వెలసిన బాపూజీ
1930లో ఉప్పు సత్యాగ్రహాన్ని స్మరిస్తూ చిత్రకారుడు నందలాల్ బోస్ రూపొందించిన ‘బాపూజీ’ లినోకట్, అంటే లినోలియం పలకను చెక్కగా మిగిలిన ఉబ్బెత్తు భాగానికి సిరా పూసి కాగితంపై అద్దిన ముద్రాచిత్రం, నల్లని నేపథ్యంలో కర్ర చేతబట్టి నడుస్తున్న గాంధీని తెల్లని రేఖలతో చూపుతుంది. ఆ తెలుపు పూసిన రంగు కాదు. కళాకారుడు తొలగించిన చోట సిరా అంటక మిగిలిన కాగితమే, కనుక అవసరానికి మించి దేనినీ ఉంచుకోకపోవడమనే అపరిగ్రహ వ్రతాన్ని పాటించిన మనిషికి ఈ ప్రక్రియ ఎంతో సహజంగా అమరింది. అయితే ఒకే పలక నుంచి వచ్చే ప్రతి ముద్రా మూలచిత్రమే అయినప్పుడు, పరిమిత ప్రతుల పేరిట వాటిని అరుదైన సొత్తుగా మార్చడం ఆ వ్రతానికి ఎంతవరకు తగును? పలక అరిగిపోతుంది గనుక హద్దు కొంతవరకు న్యాయమే. కాని కేవలం విలువ పెంచడానికే విధించిన హద్దు, అందరికీ అందవలసిన ఉప్పుపై పన్ను వేసిన తర్కానికే చేరువవుతుంది.