గ్రంథం చదివి గదిలోకి వెళ్ళేవారికి

మనశ్చికిత్సను వృత్తిగా స్వీకరించబోతున్న యువతీయువకులారా! ఇంట్లోవారికి సైతం చెప్పుకోలేని బాధను మోసుకుని ఒక మనిషి మీ గదిలోకి వస్తాడు. అతడి కంటే ముందే మీరు చదివిన గ్రంథం అక్కడికి వచ్చి కూర్చుంటుంది. మీరు ఏ మాటకు చెవి ఒగ్గుతారో, దేన్ని దాటవేస్తారో, ఎప్పుడు నోరు తెరుస్తారో చాలావరకు అదే నిర్ణయిస్తుంది. కనుక మీరెలా చదివారన్నది మీ ఒక్కరి సంగతి అనుకోకండి. దాని ఫలితాన్ని అనుభవించేది మీ ఎదుట కూర్చున్న ఆర్తుడు.

మొదట, మూలాన్నే చదవండి. పరీక్షల కోసం అచ్చయిన సంగ్రహాలు ఫ్రాయిడ్‌ను ఒక చిహ్నాల పట్టికగా కుదించి చూపిస్తాయి. 1900 సంవత్సరం వేసుకుని వెలువడిన ఆయన స్వప్న గ్రంథం తెరిచి చూడండి. కలలో పాము కనబడితే ఇది, ఏనుగు కనబడితే అది అని ఫలం చెప్పే పాత స్వప్నశాస్త్రాల దారి చాలదని భావించి, కలలోని ఒక్కొక్క ముక్కకూ కలగన్నవారికి ఏం గుర్తొస్తుందో అడగాలన్నాడు. తన కలలనే విప్పి పరీక్షకు పెట్టాడు. సంగ్రహంతో సరిపెట్టుకున్నవాడికి ఈ ఓర్పు అబ్బదు.

ఇక, గురువు తప్పును కూడా గౌరవంతో చదవండి. 1900 అక్టోబరులో వియన్నాలో పద్దెనిమిదేళ్ళ అమ్మాయిని ఆమె తండ్రి ఫ్రాయిడ్ వద్ద చికిత్సలో పెట్టాడు. ఫ్రాయిడ్ రాసిన కేసులో ఆమె పేరు డోరా. తండ్రికి తన స్నేహితుడి భార్యతో సంబంధం ఉంది. ఆ స్నేహితుడు ఈ పిల్ల వెంటపడ్డాడు. ఆ సంబంధాన్ని అతడు చూసీచూడనట్టు ఉండటానికి తండ్రి తనను వెలగా పెట్టాడని ఆమె ఆక్రోశం. ఆమె పద్నాలుగేళ్ళప్పుడు ఆ స్నేహితుడు తన దుకాణంలో ఎవరూ లేకుండా చూసి, ఆమెను బిగించి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. ఆమెకు రోత పుట్టి, విదిలించుకుని పారిపోయింది. ఏ తల్లికైనా అర్థమయ్యే రోత అది! ఫ్రాయిడ్ ఆమె చెప్పిన సంఘటనలను నమ్మాడు. ఆ రోతను మాత్రం హిస్టీరియా లక్షణంగా లెక్కగట్టాడు. ఆమెకు అతడిపై లోలోపల ప్రేమ ఉందని పదేపదే నచ్చజెప్పాడు. సిద్ధాంతం అప్పటికే సిద్ధంగా ఉంది, పిల్ల మాట అందులో ఇమడవలసి వచ్చింది. డిసెంబరు 31న ఆమె చికిత్స మానేసి వెళ్ళిపోయింది.

అయితే 1905లో ఈ కేసును ప్రచురించినప్పుడు, తనపై ఆమె పెంచుకున్న భావాలను, అంటే ట్రాన్స్‌ఫరెన్స్‌ను, సకాలంలో గుర్తించలేకపోయానని అనుబంధంలో ఆయనే రాశాడు. తన ఓటమిని అచ్చు వేయించిన ఈ నిజాయితీయే నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే పూజ్యంగా తోస్తుంది. 1912లో వైద్యులకు సలహాలిస్తూ, సెషన్‌లో దేన్నీ ముందుగా ఏరుకోకుండా అన్నిటినీ సమానమైన శ్రద్ధతో వినమన్నాడు. ముందే ఆశించినదాన్ని వెతికితే తెలిసినదే తప్ప కొత్తది దొరకదని హెచ్చరించాడు.

మన దేశంలో ఈ విద్యకు ఆద్యుడైన గిరీంద్రశేఖర్ బోస్ గురువును గౌరవిస్తూనే ప్రశ్నించిన శిష్యుడు. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. ఫ్రాయిడ్ ముఖ్యమని చెప్పిన కొన్ని లక్షణాలు తన భారతీయ రోగుల్లో యూరప్ వారిలో ఉన్నంత స్పష్టంగా కనబడటం లేదని 1929లో ఆయనకే ఉత్తరం రాశాడు. భక్తి ఉంది, కళ్ళు మూసుకోలేదు. అలాగే ఇంగ్లండులో మనోవిశ్లేషకుడు విన్నికాట్, వ్యాఖ్యానం చెప్పాలన్న తన ఆరాటం వల్ల ఎందరిలో మార్పును అడ్డుకున్నానో అని జీవిత చరమాంకంలో బాధపడ్డాడు.

గ్రంథం విడిచిపెట్టమని ఎవరైనా చెబితే వినకండి. చదవనివాడి చేతిలో ఆర్తుడికి మరింత ప్రమాదం. అతడు తన ఇష్టానిష్టాలనే అంతర్దృష్టి అనుకుంటాడు. ఫ్రాయిడ్‌నైనా యూంగ్‌నైనా మళ్ళీ మళ్ళీ చదవండి, మీ సూపర్‌వైజర్‌తో వాదించండి. గదిలో మాత్రం ఎదుటివారి వాక్యం ముగిసేదాకా మీ వ్యాఖ్యానాన్ని ఆపండి. వారు కాదన్నప్పుడు, దాన్ని ప్రతిఘటన అని పేరు పెట్టేముందు, నేనే పొరబడ్డానేమో అని ఒకసారి ఆలోచించండి.

మీలో డోరా కేసు పూర్తిగా చదవనివారు ఈ నెలలోనే, అనుబంధంతో సహా చదవండి. చదువుతూ ఆ అమ్మాయి చెప్పినవాటిని మాత్రమే వేరే కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత మీ సొంత కేసు నోట్సు తీసి, వాటిలో ఆర్తుడి మాటలెన్ని, మీవెన్ని అన్నది చూసుకోండి.