ఉలి పట్టిన చేయి
చదువవలసిన భాగము: నిర్గమకాండము 31:1-11

కొయ్యను చెక్కి రూపము చేయుట విశ్వాసికి తగునా? నాగల్‌గిద్ద ప్రాంతపు సంఘములలో మనకును ఈ సందేహము కలుగును. ఒకే చెట్టులో సగము పొయ్యిలో పెట్టి, మిగిలినదానికి మ్రొక్కినవానిని యెషయా 44వ అధ్యాయములో ప్రవక్త గద్దించెను. అయితే బెసలేలును పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపి, కఱ్ఱ చెక్కు నేర్పునిచ్చినవాడు దేవుడే. కాబట్టి నేర్పు దోషము కాదు.

నిర్మల్‌లో 1955లో ఏర్పడిన సహకార సంఘపు పనివారు తేలికయైన పొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురుతో అతికి, పండ్లను పక్షులను చేయుదురు. వాటిని చూచి పిల్లలు సంతోషింతురు, ఎవరును మ్రొక్కరు. మోషే దేవుని ఆజ్ఞచొప్పున చేసిన ఇత్తడి సర్పమునకో జనులు ధూపము వేసిరి. అందుకే హిజ్కియా దానిని పగులగొట్టెను (2 రాజులు 18:4). దోషము వస్తువులో లేదు, మ్రొక్కు హృదయములో నున్నది.

అయినను, పూజకు విగ్రహము చెక్కుమని ఒకరు మంచి కూలి చూపినప్పుడు విశ్వాసియైన వడ్రంగి ఏమి చేయవలెను? ఇంట పిల్లలు ఆకలిగొనియుండగా ఈ ప్రశ్న తేలిక కాదు. "వద్దు" అని చెప్పి మనము ఊరకుండరాదు. నాగలి, గుంటక, తలుపు, బల్ల పనులు మనమే అతనికిచ్చి, బేరమాడక కూలి చెల్లింపవలెను. లేనియెడల అతని శోధనలో మనకును పాలు కలదు.

వడ్రంగి యని పిలువబడిన ప్రభువు (మార్కు 6:3) మనకు ఈ బుద్ధి దయచేయును గాక. ఆమేన్.