అనుభవం కొనుక్కోవచ్చునా?

'అనుభవం' అనే మాట మనకూ మరాఠీవారికీ ఒకటే. పొలం దస్తావేజులో "పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవలెను" అని రాస్తారు. సుఖమైనా కష్టమైనా అనుభవించడానికి ఒక మనిషి ఉండాలి. ఒకరి బదులు మరొకరు అనుభవించడం కుదరదు. ఇంత తేలిక విషయాన్ని మళ్లీ చెప్పుకోవలసి రావడానికి కారణం, పదకొండు, పన్నెండు తరగతుల పిల్లల దరఖాస్తులలోకి 'పరిశోధనానుభవం' వచ్చి చేరడమే.

మన దేశంలో జె.ఇ.ఇ., నీట్, మహారాష్ట్ర సి.ఇ.టి. అన్నీ మార్కుల లెక్కలే. పిల్లవాడు ఏమి పరిశోధించాడో అవి అడగవు. అమెరికా విశ్వవిద్యాలయాలు మాత్రం తరగతి బయట ఏమి చేశావని అడుగుతాయి. అడగడం తప్పు కాదు. కాని అడిగిన ప్రతిదానికీ ఒక అంగడి పుడుతుంది. వేల డాలర్లు పుచ్చుకుని హైస్కూలు పిల్లల పేర పరిశోధనా పత్రాలు తయారుచేయించి, అచ్చయ్యేలా చూసే సంస్థల గురించి 2023లో 'ప్రోపబ్లికా' అనే అమెరికా వార్తాసంస్థ వివరంగా రాసింది. ఆ అంగడి చంద్రపూర్ దాకా రాదనుకోవడం అమాయకత్వం.

మా వీధిలోని ముగ్గురు తెలుగు పిల్లలు ఈ సంగతే వాదించుకుంటుంటే విన్నాను. "కోచింగు కొంటే తప్పు లేదు గాని, ప్రాజెక్టుకు గైడును కొంటే తప్పా అంకుల్?" అన్నాడొకడు. సీటు కోసం చేసేది అసలు పరిశోధనే కాదన్నాడు రెండోవాడు. మూడో పిల్ల ఏమీ అనకుండా తన నోటుపుస్తకం చూపించింది.

2,920 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం, చుట్టూ గనులు ఉన్న ఊరు మనది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో తయారుచేసిన తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో మనది నాలుగో స్థానం. ఆ అమ్మాయి వాసెలీన్ రాసిన గాజుపలకను రోజూ డాబా మీద ఉంచి, దాని మీద పడిన దుమ్ము రేణువులను బడి సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టింది. వానలకు పదకొండు రోజుల లెక్క కొట్టుకుపోయింది. "సగటు వేసి నింపెయ్, ఎవరు చూడొచ్చారు?" అన్నాడట అమెరికాలో ఉన్న బంధువొకాయన. ఖాళీలు వదిలేస్తే అశ్రద్ధ అనుకుంటారేమోనని ఆ పిల్ల భయం.

ముందు రెండోవాడి మాట. ఫలాపేక్ష ఉన్నంత మాత్రాన పని అబద్ధమైపోదు. నేను జీతం కోసమే పనిచేస్తున్నాను, అంతమాత్రాన నేను రాసే లెక్క తప్పు కాదు. మెట్రిక్యులేషనులో తప్పి, మళ్లీ రాసి గట్టెక్కిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కేతో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. పదవి కావాలని ఆయన కోరుకున్నా, కోరుకోకపోయినా ఫాస్ఫరస్ లెక్క మారదు. ఏ దేశంలోనైనా ఎవరైనా చేసి సరిచూసుకోవచ్చు. కనుక చూడవలసింది ఉద్దేశాన్ని కాదు, లెక్కను.

ఇక మొదటివాడి ప్రశ్న. కోచింగు మాస్టారు పరీక్షహాలు గుమ్మం దగ్గర ఆగిపోతాడు, లోపల రాసేది పిల్లవాడే. గైడు కూడా అలా గుమ్మం దగ్గర ఆగితే, డబ్బు తీసుకున్నా దోషం లేదు. అతడే లోపలికి వచ్చి రాస్తే, అది ఒకరి పరీక్ష మరొకరు రాయడమే. నేర్పడాన్ని కొనవచ్చు, నేర్చుకోవడాన్ని కొనలేము.

బ్యాంకులో అప్పు కోసం వచ్చే ప్రాజెక్టు రిపోర్టులు చాలా చూశాను. పాలకేంద్రమైనా, పిండిమరైనా పేరు మారుతుంది గాని, ఏటేటా లాభం ఒకే తీరుగా పెరుగుతుంది. నిజంగా ఏ రోజుకారోజు రాసిన చిట్టాలో కొట్టివేతలు, సిరామరకలు, రకరకాల సిరాలు ఉంటాయి. ఆడిటరు వస్తున్నాడని ఒక్క రాత్రిలో రాసినది ఒకే సిరాతో ముచ్చటగా ఉంటుంది. ఆ అమ్మాయి పుస్తకంలోని పదకొండు ఖాళీలే ఆమె డాబా ఎక్కిందనడానికి సాక్ష్యం. ఆ రోజుల నిజం 'వానకు కొట్టుకుపోయింది' అన్నదే.

దరఖాస్తు చదివే అధికారి దీన్ని గుర్తిస్తాడా? గుర్తించకపోవచ్చు. అచ్చయిన పత్రం ముందు ఖాళీల పుస్తకం ఓడిపోనూవచ్చు. నిజం చెబితే సీటు వస్తుందని నేను ఆ పిల్లకు హామీ ఇవ్వలేను. కాని పదకొండు దొంగ అంకెలు చేరితే మిగతా అంకెలకూ విలువ పోతుంది. ఏది చూసింది, ఏది వేసింది అన్నది ఏడాది పోతే తనకే గుర్తుండదు. పైగా అది మనం పీల్చే దుమ్ము లెక్క. సీటు ఒక్కరిది, ఊపిరి ఊరందరిది.

డబ్బు లేని పిల్లలకు దారి లేకపోలేదు. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్, పదేళ్ల నుంచి పదిహేడేళ్ల పిల్లలను తమ ఊరి సమస్య మీదనే పనిచేయమంటుంది. బల్లార్షా, ఘుగ్గుస్‌లలోని మన పిల్లలకు సమస్యల కొరత లేదు. కూర్చుని వినే పెద్దల కొరత ఉంది. మన తెలుగు సంఘాలు ఏటా మార్కులు తెచ్చుకున్నవారికి శాలువాలు కప్పుతాయి. దానితోపాటు నెలకొక ఆదివారం ఒక మాస్టారో, గని ఇంజనీరో పిల్లల పుస్తకాలు చూసి, "ఎక్కడ పొరపాటు పడ్డావు, ఎలా తెలుసుకున్నావు?" అని అడిగితే చాలు. కొనుక్కున్న అనుభవానికి ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.